లోపలి గడియ

ఊళ్ళో సగం తలుపులు ఆ ఇంటి వెనక షెడ్డులోనే పుట్టాయి. పెద్ద డాక్టరు గారి వీధి తలుపు, బ్యాంకు మేనేజరు గది తలుపు, సినిమా హాలు తలుపులు, అన్నిటికీ అక్కడే చిత్రిక పట్టారు, అక్కడే పాలిష్ కొట్టారు. కానీ ఆ ఇంట్లో మాత్రం ఏ గదికీ లోపల గడియ లేదు. వీధి తలుపుకి ఉంది. స్నానాల గదికి ఒక కొక్కెం ఉంది. అంతటితో సరి.

దానికో కథ చెప్తారు. ఇప్పుడా ఇంటికి పెద్దయిన మేస్త్రీ చిన్న పిల్లాడుగా ఉన్నప్పుడు గదిలోకి దూరి గడియ వేసుకున్నాడట. తియ్యడం చేతకాక ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడట. వాళ్ళ నాన్న తను చేసిన తలుపుని తనే గొడ్డలితో నరికి కొడుకుని బయటికి తీసి, ఆ పూటే ఇంట్లో గడియలన్నీ ఊడబీకాడట. అప్పటినుంచి అది ఆ ఇంటి శాసనం. మన ఇంట్లో మనకి గడియలెందుకు అనేది వాళ్ళ సామెత.

పసివాడి మేలు కోరి పెట్టిన శాసనమే, కాదనను. ఆ పసివాడు పెరిగి ఏమయ్యాడో చూడండి.

మేస్త్రీ పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాక తల్లిని చూసుకున్నాడు. మొగుడు వదిలేసిన చెల్లెలు కూతుర్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడితే ఒక్క ప్రశ్న అడక్కుండా గది ఇచ్చాడు. తాగడు. అప్పు చెయ్యడు. ఎవరింటి తలుపు బిగుసుకుపోయినా పిలిచిన వెంటనే పోయి సరిచేసి వస్తాడు. దేవుడిలాంటి మనిషి అని వీధి వీధంతా అనేది. పిల్లల జోలికి వచ్చేవాడు మొహం మీద కత్తిగాటుతో, దొంగచూపులతో తిరుగుతాడని మనకి ఎవరు చెప్పారో గానీ, చెప్పినవాడు పిల్లలకి చాలా ద్రోహం చేశాడు. వాడు ఎక్కువసార్లు అన్నం పెట్టే చేత్తోనే వస్తాడు.

షెడ్డులో చిత్రిక మిషను ఉంది. అది మొదలైతే వంటింట్లో గిన్నెలు వణుకుతాయి. ఏళ్ళ తరబడి ఆ మోత వినీ వినీ ఇంట్లో అందరి గొంతులూ పెద్దవైపోయాయి. ఉప్పు అందుకోమన్నా పక్కింటికి వినపడుతుంది. అమ్మమ్మకైతే చెవులు సగం పోయాయి. ఆమె గుసగుసలాడితే వీధి మలుపులో కుక్క తలెత్తి చూస్తుందని పనివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మేస్త్రీ ఒక్కడే చెవుల్లో దూది పెట్టుకునేవాడు. ఆయన మాట మెత్తన.

మిషను మీద ఆయన ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. ఎప్పుడో ఒక పనివాడి వేలు పోయింది. కాబట్టి మిషను మోగుతోందంటే మేస్త్రీ షెడ్డులో ఉన్నట్టు. ఆగిందంటే లేనట్టు. ఈ సంగతి ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది పిల్లకి.

పిల్లకి పదకొండేళ్ళు. ఇంట్లో పిడుగు అనేవాళ్ళు. ఒకప్పుడు ఆ పేరుకి తగ్గట్టే గోడలెక్కి దూకేది, పెద్దవాళ్ళ మాటకి మాట అప్పజెప్పేది. ఈ మధ్య పేరొక్కటే మిగిలింది. బడి పొద్దుటి పూటే. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తుంది. ఆ వేళకి తల్లి ఎవరింట్లోనో తలుపులకి పాలిష్ కొడుతూ ఉంటుంది. పనివాళ్ళు అన్నాలకి పోతారు. అమ్మమ్మ కునుకు తీస్తుంది. పిల్ల పుస్తకం తెరిచి కూర్చుంటుంది. మిషను ఆగుతుంది.

అంతకు మించి చెప్పనక్కర్లేదు. తెలియనట్టు నటించేవాళ్ళకి ఎంత చెప్పినా తెలియదు.

పిల్ల తనకి తెలిసిన పద్ధతిలో చెప్పింది. మండుటెండల్లో రెండు గౌన్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని తిరిగింది. తల్లి చూసి, వెర్రి మాలోకం అని నవ్వింది. స్నానాల గదిలోకి పోయి కొక్కెం పెట్టుకుని గంటల తరబడి కూర్చుంది. నీళ్ళన్నీ తగలేస్తోందని అమ్మమ్మ తలుపు బాదింది. చివరికి ఒకరోజు షెడ్డులో పాత సామాను డబ్బా వెతికి, తుప్పు పట్టిన గడియ ఒకటి తెచ్చి, తన గది తలుపుకి లోపలివైపు బిగించుకుంది.

మర్నాడే మేస్త్రీ చూశాడు. అందరూ భోజనాల దగ్గర ఉండగా స్క్రూడ్రైవరు తెచ్చి ఊడదీశాడు.

"మన ఇంట్లో మనకి గడియలెందుకే పిడుగూ? దొంగలు వీధిలో ఉంటారు గానీ ఇంట్లో ఉంటారా?"

అమ్మమ్మ నవ్వింది. తల్లీ నవ్వింది. మేస్త్రీ బిడ్డ కాకపోయినా పనితనం వచ్చింది, స్క్రూలు సూటిగా దిగాయని మెచ్చుకుంది కూడా. పిల్ల తల వంచుకుని అన్నం తింది.

రెండోసారి సూటిగా దిగలేదు. స్క్రూ బిగించే ముందు బరమాతో చిన్న బెజ్జం చేసుకోవాలి, లేకపోతే చెక్క చీలుతుంది. ఆ ఇంట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి అది. పిల్లకీ తెలుసు. కానీ బరమా షెడ్డులో ఉంది, షెడ్డులో మేస్త్రీ ఉన్నాడు. అందుకని గడియ పెట్టి సుత్తితో స్క్రూలని మేకుల్లా దిగ్గొట్టింది. తాత చేసిన తలుపు. పై నుంచి కింద దాకా చీలింది.

తల్లి పని నుంచి వచ్చి ఆ చీలిక చూసింది. రోజంతా వార్నిష్ వాసన పీల్చి తల పగిలిపోతూ ఉంది. చేతికి అందిన పట్టీ చెక్క తీసుకుని పిల్లని చేతుల మీద, పిక్కల మీద కొట్టింది. మామయ్య నీడన బతుకుతూ మామయ్య ఇంటినే పాడుచేస్తావా, అన్నం పెట్టే చేతినే కరుస్తావా అని కొట్టింది. పిల్ల ఏడవలేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకుని చెప్పింది.

"మామయ్య రాకుండా పెట్టుకున్నా."

తల్లి చెయ్యి పైన ఆగింది.

"మామయ్య ఎందుకు వస్తాడు?"

ఆ ప్రశ్న నోట్లోంచి బయటికి వస్తుండగానే జవాబు ఆమె లోపల ఎక్కడో ఎప్పటినుంచో కూర్చుని ఉన్నట్టు అనిపించింది. రెండు గౌన్లు. స్నానాల గది. వంట చేస్తుంటే కూడా కొంగు పట్టుకుని వెనకాలే తిరగడం. పిల్ల షెడ్డు వైపు చూసింది. మిషను మోగుతోంది. మోగుతోందని తేల్చుకున్నాక, అప్పుడు ఏడ్చింది.

తల్లి పట్టీ చెక్కని పారేసి, పెరట్లో బెండకాయలు తరుగుతున్న అమ్మమ్మ దగ్గరికి పోయింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పింది. మిషను మోతలో ఆ అరుపు ఇంకెవరికీ వినపడలేదు. ఆ ఇంట్లో గుట్టుగా ఏదైనా చెప్పుకోవాలంటే మేస్త్రీ పనిలో ఉండగా అరిచి చెప్పుకోవడమే దారి.

అమ్మమ్మ విన్నది. కత్తిపీట మీంచి లేవలేదు. తరుగుతున్న బెండకాయ తరుగుతూనే ఉంది. పిల్లని ఇకనుంచి మధ్యాహ్నాలు తన పక్కన పడుకోబెడతానంది. అంతేనా అమ్మా అని తల్లి అడిగింది.

"ఇంకేం చెయ్యమంటావే? వాడు పొమ్మంటే ముగ్గురం ఏ గంగలో దూకుతాం?"

తల్లి చేసే పాలిష్ పని కూడా అన్నయ్య మాట మీద వచ్చేదే. ఆయన తలుపు చేస్తాడు, ఈమె మెరుగు పెడుతుంది. ఆయన వద్దంటే ఊళ్ళో ఏ తలుపూ ఆమె కోసం తెరుచుకోదు. మనిషిని ఇలాంటి చోట నిలబెట్టి, నోరెందుకు విప్పలేదమ్మా అని తర్వాత తీరిగ్గా అడిగే పెద్దమనుషులు చాలామంది ఉంటారు. నోరు విప్పిన రోజు ఎక్కడ పడుకోవాలో మాత్రం వాళ్ళు చెప్పరు.

అమ్మమ్మ కొడుకుతో ఏదో అన్నట్టుంది. ఏమన్నదో, ఎలా అన్నదో తెలియదు. మర్నాడు పొద్దున మేస్త్రీ లోపలి గడియ ఊడదీసి, చీలిన తలుపుకి పట్టీ వేసి బాగుచేశాడు. చేసి, బయటివైపు ఒక కొత్త గొళ్లెం బిగించాడు. పిల్లకి మొండి ముదిరిందనీ, వస్తువులు పాడుచేస్తోందనీ, పనికి పోయేటప్పుడు గొళ్లెం వేసి పోతే చెల్లెలికే నిశ్చింత అనీ మెత్తగా చెప్పాడు.

తల్లి ఆ మాట పట్టుకుంది. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు పట్టుకుంది. అమ్మ కునుకులో పడితే ఆమెకేం తెలుస్తుంది, గొళ్లెం ఉందిగా, ఎవరూ లోపలికి పోరు అనుకుంది. ఆ మధ్యాహ్నం పిల్ల బడి నుంచి రాగానే అన్నం పెట్టి, గదిలోకి పంపి, తన చేత్తో గొళ్లెం పెట్టి పనికి పోయింది. తలుపు మూస్తుంటే పిల్ల ఆమె వైపు చూసింది, అంతే.

పని ఒక వకీలు గారింట్లో. కొత్త తలుపు. లోపల గడియ, బయట గొళ్లెం, రెండూ ఉన్నాయి. తల్లి గుడ్డ ముక్క ముంచి గొళ్లెం చుట్టూ జాగ్రత్తగా మెరుగు పూస్తోంది. పూస్తూ పూస్తూ ఆగిపోయింది. గొళ్లెం ఎవరి చేతిలో ఉంటుంది? బయట ఉన్నవాడి చేతిలో. పుట్టిన దగ్గర్నుంచీ తలుపుల మధ్య పెరిగిన మనిషి. ఎదురింటి వాళ్ళు అడిగితే నిద్రలో కూడా చెప్పేది. తన కూతురి దగ్గరికి వచ్చేసరికి బుర్ర తిరగబడింది.

గుడ్డ అక్కడే పారేసి పరిగెత్తింది. ఎవరో పలకరించారు, పలకలేదు. ఇంటి మలుపు తిరిగేసరికి చెవులు రిక్కించింది. మిషను మోగడం లేదు.

గొళ్లెం వేలాడుతోంది. మేస్త్రీ పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. పిల్ల అన్నం తిన్నదో లేదో చూద్దామని వెళ్ళానని, అడక్కుండానే చెప్పాడు. పిల్ల గది మూల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తల్లి దగ్గరికి పోబోతే ఇంకా గోడలోకి ఒదిగింది.

"నువ్వే వేశావు," అంది పిల్ల.

ఆ తర్వాత కొన్నాళ్ళు తల్లి పనికి పోలేదు. జ్వరమని చెప్పింది. పిల్ల వెనకాలే తిరిగింది. పిల్ల ఆమెతో మాట్లాడలేదు. జ్వరం ఎన్నాళ్ళుంటుంది? తగ్గిందా లేదా అని మేస్త్రీ రోజూ అడుగుతున్నాడు. ప్రేమగానే అడుగుతున్నాడు.

ఈ లోపల బడిలో టీచరు పిల్ల చేతుల మీద కమిలిన చారలు చూసింది. ఎవరు కొట్టారంటే అమ్మ అని చెప్పింది పిల్ల. టీచరు పిల్లల సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. తల్లి, పిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి మాట్లాడాలని కేంద్రం నుంచి కబురొచ్చింది. అంటే నేరం తల్లి మీదికి వచ్చింది.

మేస్త్రీ కంగారు పడలేదు. చెల్లెల్ని కూర్చోబెట్టి ఊరడించాడు. ఒక దెబ్బ వెయ్యని తల్లి లోకంలో ఉంటుందా అన్నాడు. తనూ వస్తానన్నాడు.

"కొట్టానని ఒప్పేసుకో చెల్లీ. అది నిజమేగా. ఏదో నాలుగు మాటలు చెప్పి ఇంటికి పంపేస్తారు."

అబద్ధం చెప్పమనలేదు. నిజమే చెప్పమన్నాడు. ఒక నిజాన్ని దాచాలంటే దాని ముందు ఇంకో నిజాన్ని నిలబెట్టడం కంటే మంచి ఉపాయం లేదు. తల్లికి అర్థమైంది. ఒప్పుకుంటే పిల్ల ఈ పూటే ఇంటికి వచ్చేస్తుంది. ఆ ఇంటికి. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

కేంద్రంలో పొడుగాటి వరండా. బెంచీల మీద జనం. తల్లి లోపలికి అడుగుపెట్టి నిలబడిపోయింది. ఇలాంటిది లోకంలో తన ఇంట్లోనే జరిగిందని, తన ఖర్మ అని అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. ఇక్కడ చూస్తే ఆస్పత్రిలో చీటీల దగ్గర ఉన్నంత మంది. ఇస్త్రీ చీర కట్టుకున్న ఒక ఆవిడ, పక్కన బూట్లు వేసుకున్న కొడుకు. అవును, కొడుకే. పొలం పనిలోంచి లేచి వచ్చినట్టున్న ఒక తండ్రి, ఒళ్ళో నిద్రపోతున్న చిన్నది. గోళ్ళు కొరుక్కుంటున్న ఒక అమ్మాయి, ఎవరూ తోడు లేకుండా. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. అందరూ నేలనే చూస్తున్నారు. ఇంతమంది ఉన్నారని ఇంతమందిలో ఎవరికీ తెలియకపోవడమే ఆ దేవుడిలాంటి మనుషుల బలం.

కేంద్రం మేడమ్‌కి జలుబు చేసి ఉంది. ముక్కు తుడుచుకుంటూ, వేడినీళ్ళు తాగుతూ పని చేస్తోంది. మంచి మనిషే. పిల్లతో విడిగా మాట్లాడాలని, పెద్దవాళ్ళు బయట కూర్చోవాలని గట్టిగా చెప్పి పిల్లని లోపలి గదిలోకి తీసుకుపోయింది. ఆ గది తలుపుకి అద్దం ఉంది. లోపల పిల్లలతో ఎవరు ఏం చేస్తున్నారో బయటివాళ్ళకి కనపడాలని, పిల్లల క్షేమం కోసమే పెట్టిన అద్దం. మేస్త్రీ దానికి ఎదురుగా ఉన్న బెంచీ చూసుకుని కూర్చున్నాడు. చేతులు కట్టుకుని, చిరునవ్వుతో, పిల్లకి కనపడేలా.

మేడమ్ ఏదడిగినా పిల్ల అద్దం వైపు చూసి నోరు కదిపేది. అమ్మ కొట్టింది. ఇంకెవరైనా? లేదు. ఇంటికి పోవాలని ఉందా? పిల్ల ఊరుకుంది. ఊరుకోవడాన్ని ఆ పూట ఎవరూ రాసుకోలేదు. బయట బెంచీలు నిండి ఉన్నాయి, మేడమ్‌కి తుమ్ములు వస్తున్నాయి.

తర్వాత తల్లినీ మేస్త్రీనీ లోపలికి పిలిచింది. అమ్మమ్మకి వినపడదని ఆమెనీ పిల్లనీ వరండాలో కూర్చోబెట్టారు. తల్లి కొట్టానని ఒప్పుకుంది. మేస్త్రీ చెల్లెలి తరఫున బాధపడ్డాడు. మొగుడు వదిలేసిన మనిషండీ, కోపం పిల్ల మీద తీర్చుకుంటుంది, నేను చూసుకుంటాను కదా అన్నాడు. మేడమ్ ఆయన వైపు మెచ్చుకోలుగా చూసింది. ఇంట్లో మీలాంటి పెద్దదిక్కు ఉండటం పిల్ల అదృష్టం అంది. ఇకపై కొట్టనని తల్లి మాట ఇవ్వాలనీ, తమ మనిషి అప్పుడప్పుడు ఇంటికి వచ్చి చూస్తుందనీ, ఇవాళ్టికి పిల్లని తీసుకుపోవచ్చనీ చెప్పింది. సంతకం పెట్టడానికి పెన్ను ఇచ్చింది.

తల్లి పెన్ను పట్టుకుంది. మేస్త్రీ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది.

అప్పుడు వరండాలోంచి అమ్మమ్మ గుసగుస వినపడింది.

పిల్ల మళ్ళీ ఆ ఇంటికే పోవాలని అర్థమై ఏడుస్తోంది కాబోలు. అమ్మమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుని, ఎవరికీ వినపడకుండా, దాని చెవిలో మాత్రమే పడేలా ఓదారుస్తోంది. అంటే ఆ ఇంటి లెక్కన. చిత్రిక మిషను పక్కన బతికిన మనిషి గుసగుస అది. వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోయింది.

"ఏడవకే నా తల్లీ. నేను వాడికి గట్టిగా చెప్పాన్లే, ఇంక నీ జోలికి రాడు. ఆడపుట్టుక పుట్టాక ఇలాంటివి ఉంటాయే. నాకు జరగలేదా? మా చిన్నాన్న. నీ అంతే ఉన్నాను. చచ్చిపోయానా? ఎవరికీ చెప్పలేదు. చూడు, ఎలా ఉన్నానో. మీ మామయ్య మంచోడే. ఏదో పాడుబుద్ధి పుట్టింది."

వరండాలో ఎక్కడి చప్పుడు అక్కడ ఆగిపోయింది. ఇస్త్రీ చీర ఆవిడ కొడుకు చెవులు మూయబోయి, ఆగి, చేతులు తీసేసింది. మూసి ఏం లాభం? వాడూ అందుకే వచ్చాడు.

అమ్మమ్మ అందర్నీ చూసి, వీళ్ళంతా తననెందుకు చూస్తున్నారో తెలియక పిల్ల వీపు నిమురుతూ ఉండిపోయింది.

మేడమ్ వేడినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. మేస్త్రీ అప్పటికే నవ్వుతున్నాడు. ముసలిదానికి మతి చలించిందండీ, ఏళ్ళుగా ఇంతే, నోటికొచ్చింది మాట్లాడుతుంది అన్నాడు. భుజం మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. వేళ్ళు బిగిశాయి. మేడమ్ ఆయన వైపు చూడలేదు. ఇందాక తను ఆయన్ని మెచ్చుకున్న మాట ఆమె మొహం మీద ఇంకా ఆరలేదు. తల్లిని అడిగింది.

"మీ అమ్మగారికి మతి సరిగ్గా లేదా?"

చిన్న ప్రశ్న. ఔనంటే అయిపోతుంది. సంతకం పెట్టి, పిల్లని తీసుకుని, ఆటో ఎక్కి, ఇల్లు. మధ్యాహ్నం భోజనం. మిషను. కాదంటే ఈ రాత్రికి తల దాచుకునే చోటు లేదు, రేపటికి పని లేదు, కన్నతల్లి మొహం మళ్ళీ చూసే వీలు ఉంటుందో లేదో తెలియదు. తల్లి వరండాలోకి చూసింది. అమ్మమ్మ ఒళ్ళో పిల్ల బిగుసుకుని కూర్చుని ఉంది. ఆ ముసలామె కూడా ఒకప్పుడు ఇంతే ఉండేది. ఆమెని ఎవరూ ఇలాంటి చోటికి తీసుకురాలేదు. చెప్పకుండా బతకడం ఎలాగో ఆమె బతికి చూపించింది. దాన్నే మనవరాలికి ఆస్తిలా ఇస్తోంది, ప్రేమగా.

"మా అమ్మకి చెవులే సరిగ్గా లేవు," అంది తల్లి. "మతి బాగానే ఉంది."

మేస్త్రీ చెయ్యి భుజం మీంచి జారింది.

తర్వాత ఆమె మాట్లాడింది. గొంతు పెద్దది, ఆ ఇంటి గొంతు. దాన్ని తగ్గించుకోవాలని చూడలేదు. అన్నయ్య ఏం చేశాడో చెప్పింది. పిల్ల గడియ ఎందుకు పెట్టుకుందో, తను ఎందుకు కొట్టిందో, ఆ తర్వాత గొళ్లెం ఎవరు వేశారో చెప్పింది. మేస్త్రీ మధ్యలో రెండుసార్లు చెల్లీ అన్నాడు, మెత్తగా. ఆమె ఆగలేదు.

"నేను కొట్టిందీ నిజమే, వాడు చేసిందీ నిజమే. ఒకటి రాసుకుని ఇంకోటి వదిలెయ్యకండి."

మేడమ్ లేచి పోలీసులకి ఫోన్ చేసింది. కేంద్రం మనుషులిద్దరు వచ్చి మేస్త్రీని పక్క గదిలో కూర్చోబెట్టారు. వెళ్తూ వెళ్తూ ఆయన అన్నది ఒకటే, నీ బట్టలు వీధిలో ఉంటాయి, వచ్చి ఏరుకో అని. మొదటిసారి ఆయన గొంతు పైకి లేచింది. అమ్మమ్మ ఒక్కొక్కరినీ పట్టుకుని, ఏమైంది, వాణ్ణి ఎక్కడికి తీసుకుపోతున్నారు, నేనేమన్నాను అని అడుగుతోంది. ఆమెకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇక్కడితో అంతా మంచే జరుగుతుందనుకుంటే పొరపాటు. నిజం చెప్పినందుకు తల్లికి వెంటనే దొరికిన బహుమతి ఇది. పిల్లని ఇవాళ్టి నుంచి పిల్లల వసతి గృహంలో ఉంచుతారు. తల్లి కూడా దెబ్బలు కొట్టిన మనిషే కాబట్టి విచారణ అయ్యేదాకా పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. అది నియమం. మేడమ్ ఆ నియమం చెప్తూ కళ్ళు దించుకుంది. తల్లి వాదించలేదు. పిల్ల చేతుల మీద పట్టీ చెక్క పడినప్పుడు ఏ నియమమూ అడ్డు రాలేదు, ఇప్పుడు వచ్చింది, రానీ అనుకుంది. మీకు పడుకోవడానికి చోటు ఉందా అని మేడమ్ అడిగింది. ఆడవాళ్ళ ఆశ్రమం ఒకటి ఉందనీ, ఇవాళ అక్కడ మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కుంటాననీ అంది. కనుక్కోండి అంది తల్లి.

పోలీసావిడ మామూలు బట్టల్లో వచ్చింది. పిల్ల జరిగిందంతా ఇప్పుడు ఆమెకి చెప్పాలి. తర్వాత డాక్టరుకి. ఆ తర్వాత జడ్జి గారికి. చెప్పిందే మళ్ళీ మళ్ళీ. మేడమ్ ఈసారి అద్దానికి ఒక కాగితం అంటించింది. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇక ఎవరూ నిన్ను చూడరు, నీకు ఎవరు పక్కన కావాలంటే వాళ్ళు ఉంటారు, ఎవరూ వద్దంటే ఎవరూ ఉండరు, నువ్వు ఒప్పుకుంటే అమ్మ కూడా కూర్చోవచ్చు అని చెప్పింది.

తల్లి బెంచీ మీంచి లేచి నిలబడింది. పిల్ల ఆమె వైపు చూసింది. గొళ్లెం పెట్టిన రోజు తలుపు సందులోంచి చూసిన చూపు కాదు అది. అలాగని అమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చే పిల్ల చూపు కూడా కాదు. తూకం వేస్తున్నట్టుంది.  

"ఇవాళ వద్దు," అంది పిల్ల. "రేపు అడగండి."

మేడమ్ సరేనంది. పిల్ల పోలీసావిడ వెంట లోపలికి వెళ్ళింది, చెయ్యి ఎవరికీ ఇవ్వకుండా. తల్లి బెంచీ మీద కూర్చుంది. పక్కన అమ్మమ్మ, ఇంకా అడుగుతూనే ఉంది. ఆ పక్కన గోళ్ళు కొరుక్కునే అమ్మాయి, తన వంతు ఎప్పుడొస్తుందో తెలియక. ఆశ్రమంలో మంచం ఉందో లేదో ఇంకా ఎవరూ వచ్చి చెప్పలేదు. ఉన్నా లేకపోయినా రేపు పొద్దున్నే ఇక్కడికి వచ్చి కూర్చోవాలి. రేపు కూడా వద్దంటే ఎల్లుండి.